ఉప్పా, చప్పనా?

మొన్న పొద్దున్న వంటింట్లో కూర్చుని తోటకూర ఏరుతుంటే మా మనవరాలు ఫోను పట్టుకుని వచ్చింది. "మామ్మా, మీ ఊరి దగ్గర ఉప్పుటేరు లోతు చేస్తున్నారట, చూడు" అంది. చూశాను. పసుపుపచ్చ మిషను ఒకటి గట్టు మీద నిలబడి నీళ్ళలోంచి బురద తోడి పక్కన పోస్తోంది. నాలుగోసారి బురదతో పాటు నల్లటి తాటిదుంగ ఒకటి పైకొచ్చింది. దాని వెనకే ఇంకోటి. వాటి తలలు విరిగినట్టు లేవు. రంపంతో కోసినట్టు చదునుగా ఉన్నాయి. తలకు జానెడు కింద ఇనప కొక్కెం.

"మళ్ళీ పెట్టవే" అన్నాను. మూడుసార్లు పెట్టింది. అప్పటికి నా చేతిలో తోటకూర కాడ నలిగి పీచైపోయింది.

"ఏంటి మామ్మా, కళ్ళు తిరుగుతున్నాయా?"

"కళ్ళు కాదే, ఒళ్ళు మండుతోంది. మీ నాన్నని కారు తియ్యమను. మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాలి."

ఎందుకని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పేది కాదు. నేను చదివింది మూడో తరగతి. అది అక్కడితో ఎందుకు ఆగిందో కూడా ఆ దుంగల్లోనే ఉంది.

మాది కొల్లేటి లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. ఇప్పుడంటే చుట్టూ చేపల చెరువులు, గట్ల మీద మోటారు సైకిళ్ళు తిరుగుతున్నాయి గానీ అప్పట్లో ఊరు దాటాలంటే నావ ఎక్కాల్సిందే. కొల్లేట్లోకి ఎన్ని వాగులు వచ్చి పడినా బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. ఆకివీడు పక్క నుంచి వంకర్లు తిరుగుతూ సముద్రానికి పోతుంది. కొల్లేరు వదిలి ఏట్లోకి దిగే చోట నీళ్ళు రెండు కిక్కిస గడ్డి దిబ్బల మధ్య ఇరుకైపోతాయి. మావాళ్ళు దాన్ని గొంతు అనేవారు. ఎదురుగా ఇంకో నావ వస్తే ఒకటి దిబ్బకి ఆనుకుని ఆగాల్సిందే. అంత ఇరుకు.

ఆ గొంతుని నమ్మడానికి లేదు. వానాకాలం కొల్లేటి నీరంతా ఒక్కసారిగా దాంట్లోకే తోసుకొచ్చి సుడి తిరుగుతుంది. తూర్పు గాలి లేచిందంటే గుర్రపుడెక్క అంతా కొట్టుకొచ్చి గొంతుకి బిరడా వేసినట్టు అడ్డం పడుతుంది. ఎండాకాలం ఇంకా చెడ్డది. అడుగున ఒండ్రు మేట వేస్తుంది, నీరు తగ్గుతుంది. అప్పుడు సముద్రం పోటు ఉప్పుటేటి మీదుగా పైకి ఎక్కివస్తేనే బరువు నావ గొంతు దాటడానికి లోతు దొరుకుతుంది. పోటు తీసేసిందంటే ఆ నీరు వెళ్ళిపోతుంది, మేట పైకి తేలుతుంది.

మా తాతయ్యది పెద్ద నావ. కొల్లేటి తుంగ చాపలు, ఎండుచేపలు, ఎప్పుడైనా మనుషులు, అన్నీ ఆకివీడు సంతకి చేర్చేవారు. గుగ్గిలం, చేపనూనె, తాతయ్య చుట్ట కలిసి ఆ నావకి ఒక వాసన ఉండేది. నేను బడి నుంచి వస్తూ ఆ వాసన బట్టే తాతయ్య రేవులో ఉన్నారా లేదా చెప్పేదాన్ని. వరద తీశాక ఏటేటా ఆయన గొంతులోకి దిగి, గెడతో అడుగు తడిమి, లోతున్న దారి పొడుగునా వెదురు కర్రలు నాటి, వాటి తలల మీద మసిపట్టిన పాత కుండలు బోర్లించేవారు. కుండలు కుడిచేతి వైపు ఉంచుకుని పోతే నావకి భయం లేదు. ఊరూరి పడవలూ ఆ కుండల్ని నమ్ముకునే దాటేవి.

చాపలు అల్లుతూ మా మామ్మ గొంతు కథ చెప్పేది. కొల్లేటి మధ్య కోటలో పూర్వం ఒక రాజు ఉండేవాడట. శత్రువులు దండెత్తి వచ్చి, నీళ్ళు దాటలేక, కొల్లేటి నీరంతా సముద్రంలోకి దించేద్దామని కాలవ తవ్వారట, అదే ఉప్పుటేరట. నీరు తగ్గిపోతుంటే కోటలో దళపతి దేవతలకి తన కూతుర్నే బలిచ్చాడట.

"ఆ పిల్లనే ఎందుకు మామ్మా? ఆ పిల్ల తవ్విందా కాలవ?" అని అడిగాను.

మామ్మ తుంగపోచ పళ్ళతో కొరికి, "ఇంట్లో పిల్ల కాబట్టి. బయటివాళ్ళ పిల్లనిస్తే ఊరుకుంటారా?" అంది.

అప్పుడు నవ్వాను కూడా.

పోటు వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందంటారా? కంటికి ఆనదు. నాలుకకే తెలుస్తుంది. గొంతు ముందర నావ ఆపి దోసెడు నీళ్ళు నోట్లో పోసుకోవాలి. ఉప్పగా ఉంటే సముద్రం నీరు పైకొచ్చినట్టు, వెళ్ళచ్చు. చప్పగా ఉంటే కొల్లేటి నీరు కిందికి పోతున్నట్టు, ఆగాలి. ఈ పని మగవాళ్ళు చెయ్యకూడదు. వాళ్ళ నాలుకలు చుట్టలకి కాలిపోయి ఉంటాయి. పెద్ద ఆడవాళ్ళవి వక్కాకుకి మొద్దుబారి ఉంటాయి. అందుకని పొగాకూ వక్కా తగలని ఆడపిల్లని నావ ముక్కు దగ్గర కూర్చోబెట్టేవారు. ఇంటి నుంచి చెంబుతో తెచ్చిన మంచినీళ్ళతో మూడుసార్లు పుక్కిలించి, అప్పుడు ఏటి నీళ్ళు రుచి చూడాలి. రెండు వేసవులు ఆ పని నాదే. "ఏమే బుల్లీ, ఉప్పా, చప్పనా?" అని తాతయ్య వెనక నుంచి కేకేస్తే, అంతమంది పెద్దవాళ్ళూ నా నోటి వంక చూసేవారు. ఏడో తరగతి చదివే మగపిల్లలు కూడా చూసేవారు. నాకేం గర్వమో చెప్పలేను.

ఆ రోజు మా బడి పంతులుగారు బదిలీ మీద వెళ్ళిపోతున్నారు. ఆయన, ఆయన భార్య, రేకుపెట్టె, మడతమంచం, పుస్తకాల కట్టలు. మేమంతా పంతులుగారి భార్యని అమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ ఒళ్ళో ఒక జాడీ. మాగాయకి ముక్కలు ఉప్పూ పసుపూ వేసి ఊరబెట్టి మూడో రోజట. ముక్కలు పిండి ఎండలో వెయ్యాల్సిన పొద్దున్నే ప్రయాణం పడింది. "ఈ ట్రాన్స్‌ఫర్లు వేసేవాళ్ళ ఇళ్ళల్లో మాగాయ పెట్టుకోరు కాబోలండీ" అని ఆవిడ విసుక్కుంటే నావలో అందరూ నవ్వారు.

ఎండ ఎక్కేసరికి ఆవిడకి కునుకు పట్టింది. జాడీ మూతికి కట్టిన గుడ్డ కిందనుంచి ఆ పుల్లటి ఊట వాసన వస్తోంది. మా తమ్ముడు, ఆరేళ్ళవాడు, నా పరికిణీ పట్టుకు లాగి "అక్కా, నాకోటి" అన్నాడు. గుడ్డ వదులు చేసి చెయ్యి పెట్టాను. వాడికో ముక్క, నాకో ముక్క. వాడు కరకరా నమిలేశాడు. నేను దవడ కింద పెట్టుకుని మెల్లగా చప్పరిస్తున్నాను. ఇంతలో గొంతు వచ్చింది.

"బుల్లీ, నోరు కడిగావా?"

పుక్కిలిస్తే ముక్క బయటికి వచ్చేస్తుంది. చెంబు ఎత్తి బుగ్గలు ఊపి ఉమ్మినట్టు చేశాను. "కడిగాను తాతయ్యా."

"ఉప్పా, చప్పనా?"

ఏటి నీళ్ళు నోట్లో పోసుకున్నాను. "ఉప్పు."

"బాగానా?"

"బాగా."

తాతయ్య గెడ ఎత్తి, "సముద్రం మనకి ఎదురొచ్చిందండీ పంతులుగారూ. ఇంక ఆకివీడులో దిగి కాఫీ తాగడమే" అన్నారు.

ఇక్కడొక మాట చెప్పాలి. నావ మేట మీద ఎక్కితే చప్పుడు ఉండదు. అరిటాకు మీద పెరుగన్నం జారినట్టు మెత్తగా ఆగిపోతుంది. దిగి తోస్తాం, కదలకపోతే మళ్ళీ పోటు వచ్చేదాకా కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం. ఎన్నిసార్లు కూర్చోలేదు! ఆ రోజు మాత్రం తలుపు గడియ విరిగినట్టు ఫట్‌మంది. నావ ముందుకి కుంగింది. కాళ్ళ కింద నుంచి నీళ్ళు బుడబుడమని ఎగదన్నాయి. నేను తమ్ముడి జుట్టు పట్టుకున్నాను. పంతులుగారు అమ్మగారి చెయ్యి పట్టుకున్నారు. పీకలదాకా నీళ్ళలో పడుతూ లేస్తూ కిక్కిస దిబ్బ మీదికి చేరాం. చాపల కట్టలు సముద్రం వైపు వరసగా పోతున్నాయి. రేకుపెట్టె, జాడీ ములిగిపోయాయి.

తాతయ్య నావ కిందికి మునిగారు. చాలాసేపు పైకి రాలేదు. వచ్చేసరికి ఆయన భుజం మీద బెత్తెడు గాటు, నెత్తురు కారుతోంది. కుడి పిడికిట్లో ఏదో ఉంది. తాటి పేడు, నల్లటిది. దాని వంక చూశారు. అవతలి దిబ్బ మీద పాకవైపు చూశారు. ఆ పాక మా ఊరి పెద్దాయనది. గొంతులో చేపలు పట్టే హక్కు ఏటా వేలంపాటలో ఆయనే పాడుకునేవాడు. నావల దారి వదిలి పక్కల్లో వలలు కట్టుకోవాలని ఊరి కట్టుబాటు. ఆ తర్వాత తాతయ్య నా వంక చూశారు. పిడికిలి నీళ్ళలోనే తెరిచారు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన ఇంటి అరుగు మీదే పంచాయితీ. చాపలు పోయినవాళ్ళు, చేపలు పోయినవాళ్ళు అందరూ వచ్చారు.

"ఏమయ్యా, ఇంత అనుభవం ఉన్నవాడివి, నీళ్ళు తీసేసిన వేళ గొంతులోకి ఎందుకు దిగావు?" అన్నాడు పెద్దాయన.

"పిల్ల ఉప్పందండీ. నేను నమ్మాను" అన్నారు మా తాతయ్య.

అంతే. ఒక్క అబద్ధం లేదు అందులో. అదీ నా కడుపుమంట. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు విరిగేది. అందరూ తిరిగి నావంక చూశారు. రోజూ నా నోటివంక చూసినవాళ్ళే. మా మామ్మ తల దించుకుంది. ఎవరో వెనకనుంచి "ఉప్పునోరుది" అన్నారు. పక్కున నవ్వారు. పదేళ్ళదాన్ని. పరికిణీకి నిన్నటి బురద ఇంకా వదల్లేదు.

అప్పుడు అమ్మగారు లేచారు. "ఏవండీ, పిల్ల నోరు తప్పింది, సరే. బురద తగిలితే నావకి చిల్లు ఎలా పడుతుందండీ?"

"నువ్వూరుకో. మనం వెళ్ళిపోయేవాళ్ళం" అన్నారు పంతులుగారు.

"కొల్లేటి బురద సంగతి మీకేం తెలుసమ్మా" అని పెద్దాయన నవ్వాడు. ఆవిడ కూర్చోలేదు. నిలబడే ఉన్నారు.

వాళ్ళు వేరే నావ ఎక్కబోయేముందు ఆవిడ నన్ను పక్కకి పిలిచారు. "నా జాడీలో ముక్క తిన్నావు కదూ?" తలూపాను. ఏడుపు వచ్చేసింది. "దొంగతనం తప్పే. చెంపలు వేసుకో. ఊఁ, చాలు. కానీ బుల్లీ, మామిడిముక్క నావకి చిల్లు పెట్టదు. ఈ మాట మర్చిపోకు" అన్నారు. మర్చిపోలేదండీ అమ్మగారూ. ఎక్కడున్నారో, ఉన్నారో లేరో గానీ, మర్చిపోలేదు.

నా తప్పు నేను కాదనను. చప్పటి నీళ్ళని ఉప్పన్నాను. ఆ తప్పుకి శిక్ష ఏమిటి? అందరూ బురదలో నాలుగు గంటలు కూర్చుని నన్ను తిట్టుకోవడం. అంతే కదా. నావ పోవడం ఎవరి తప్పు?

పది రోజులకి పెద్దాయన ఇంటి నుంచి టేకు దూలాలు వచ్చాయి, కొత్త నావ కట్టుకోమని. ఎంత మంచాయనో అని ఊరంతా చెప్పుకున్నారు. నేనూ చెప్పుకున్నాను. తాతయ్య గొంతులోకి దిగి కుండల కర్రలన్నీ పీకి ఎడమవైపుకి మార్చి నాటారు. "ఇటు మేట వేసిందర్రా" అన్నారు. కొత్త నావలో ముక్కు దగ్గర వేరే ఇంటి పిల్ల కూర్చుంది. నన్ను బడి మాన్పించారు. చాపలు పోయినవాళ్ళకి చాపలు అల్లి ఇవ్వాలి కదా, మామ్మ ఒక్కతే అల్లలేదు కదా. రెండేళ్ళు అల్లాను. తుంగ కోసుకుపోయిన గీతలు ఇప్పటికీ నా వేళ్ళ మీద ఉన్నాయి.

పేరు మాత్రం నాతోనే వచ్చింది. పెళ్ళయి ఏలూరు వస్తే నాకంటే ముందే వచ్చి కూర్చుంది. "మా కోడలికి ఉప్పు రుచి తెలీదటమ్మా" అని మా అత్తగారు పులుసు దింపగానే ముందు తోటికోడలి చేత రుచి చూపించేది. అలా పదకొండేళ్ళు. నా చేతి వంట నా నాలుకతో చూసి వడ్డించుకునే యోగ్యత లేకపోయింది. ఇంక మా తమ్ముడు! ప్రతి పెళ్ళిలోనూ భోజనాల దగ్గర వాడిదే ఆ కథ. "మా అక్క ఉప్పంటే సముద్రమే సిగ్గుపడిందండీ" అని మొదలుపెడతాడు. బంతిబంతంతా నవ్వుతుంది. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే రోషం అంటారు.

తాతయ్య పోయేముందు నా చెయ్యి పట్టుకున్నారు. ఏదో అంటారనుకున్నాను. మంచినీళ్ళు అడిగారు.

మొన్న మా తమ్ముడూ నేనూ గట్టు మీద నిలబడ్డాం. మిషను అవతల వంపుకి వెళ్ళిపోయింది. దుంగలు తొమ్మిది, బురదలో వరసగా పడి ఉన్నాయి. గొంతు అన్న చోటు ఇప్పుడు గొంతులా లేదు. రెండు దిబ్బలూ చేపల చెరువులైపోయాయి, మధ్యలో కాలవ. కిక్కిస లేదు, పిట్ట లేదు. నావల దారిలో మొద్దులు పాతినవాడి తాహతు అంతే, ఏకంగా కొల్లేటికే గట్లు వేసినవాళ్ళు ఇప్పుడు వచ్చారు.

మా తమ్ముడు చెప్పుకాలితో ఒక దుంగని దొర్లించాడు. "పెద్దాయనవే అక్కా. వల కట్టే కొక్కేలు. నావల దారికి అడ్డంగా పాతి, కనబడకుండా నీళ్ళ కిందికి తలలు కోయించాడు. పోటు నిండుగా ఉంటే నావ పైనుంచి పోయేది."

వాడు అంత వరసగా చెప్పేసరికి నాకు అనుమానం వచ్చింది. "నీకెలా తెలుసురా?"

వాడు నీళ్ళవంక చూశాడు.

"చెప్పరా."

"తాతయ్య చెప్పారు. నాకు నావ అప్పజెప్పిన రోజు. పాత కుండల దారికి పోవద్దు, అక్కడ దుంగలున్నాయి అని. గొంతు పెద్దాయన చేతుల్లో ఉంది, ఆయన్ని అంటే రేపు మన నావ దాటనివ్వడు, ఎవరితోనూ అనకు అన్నారు."

"ఆ వేలంపాటే పాతికేళ్ళకి ఎత్తేశారు గదరా! పెద్దాయన పోయాడు, తాతయ్య పోయారు. ఆ తర్వాత ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పావురా నా కథ?"

"ఏదో నవ్వుతారు గదా అని అక్కా. అలవాటైపోయింది."

నా చేతికి దగ్గర్లో కర్ర ఏదీ లేకపోవడం వాడి అదృష్టం. "ఆ రోజు నాకోటి అన్నది నువ్వు. ముక్క నువ్వూ తిన్నావు. ఆ సంగతైనా ఒక్క పెళ్ళిలో చెప్పావా?"

"అది నాకు జ్ఞాపకం లేదక్కా."

"నాకుంది. వచ్చే నెల నీ మనవరాలి పెళ్ళి. భోజనాల దగ్గర ఎప్పటిలాగే లే, కథ మొదలుపెట్టు. ఈసారి చివరిదాకా చెప్పు. దుంగలూ, టేకు దూలాలూ అన్నీ చెప్పు."

"అందరి ముందా? తాతయ్య పరువు పోతుందక్కా."

"నా పరువుకి అప్పుడు పదేళ్ళు. అదీ అందరి ముందే పోయింది."

నేను మెల్లగా గట్టు దిగి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని, దోసెడు నీళ్ళు తీసుకున్నాను. చెరువుల మందు వాసన కొట్టింది. అయినా నాలుక మీద వేసుకున్నాను. పైనుంచి మా తమ్ముడు, పాపం, పాత అలవాటు కొద్దీ నోరు జారాడు. "ఉప్పా, చప్పనా అక్కా?"

ఉమ్మేసి పైకి చూశాను. "నువ్వు దిగి తాగి చెప్పరా. నువ్వేదంటే అదే నమ్ముతాను. ఆ తర్వాత ఏం మునిగినా నీ నోటిదే తప్పంటాను. అరవై ఏళ్ళు అలా బతికి చూడు."

దిగలేదు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "చెబుతానక్కా, పెళ్ళిలో" అన్నాడు. చెబుతాడో లేదో చూడాలి. చెప్పకపోతే నేనే లేచి చెబుతాను.

ఒక దుంగ తల కోయించి కారులో వేయించుకుని తెచ్చుకున్నాను. కొక్కెంతో సహా మా వంటింటి గుమ్మం పక్కన ఉంది. వచ్చినవాళ్ళు ఇదేంటని అడుగుతున్నారు. అడగాలనే అక్కడ పెట్టాను. మా అబ్బాయి తీసేద్దామంటే కళ్ళెర్రజేశాను.

పొద్దున్నే పొయ్యి వెలిగించి దాని వంక చూస్తే ఆ వేసవి మధ్యాహ్నమే కనబడుతుంది. చాపల కట్టలు వరసగా సముద్రం వైపు పోతుంటాయి. నా దవడ కింద మామిడిముక్క ఇంకా పుల్లగానే ఉంటుంది. తాతయ్య నీళ్ళలోంచి లేస్తారు. భుజం మీద నెత్తురు. పిడికిలి మెల్లగా నీళ్ళ కిందే తెరుచుకుంటుంది. నేను చూశాను. నేను చూడటం ఆయన చూశారు.